స్పోర్ట్స్ స్ప్రింగులు, వీల్ అలైన్‌మెంట్: నల్లగొండ, పాలమూరు రోడ్లకు తగ్గట్టు కుదుర్చుకోవడం ఎలా?

కారు కాస్త కిందికి దించాలని ముచ్చటపడ్డవాళ్లలో చాలామంది చేసేది ఒకటే. ముందు స్ప్రింగులు ఆర్డర్ పెడతారు, రాగానే బిగించేస్తారు. నెల తిరక్కముందే కారు ఎడమకు లాగుతోందనో, టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోతోందనో అలైన్‌మెంట్ షాపుకు పరుగెడతారు. పని జరగాల్సిన వరస అది కాదు. ముందు మీరు తిరిగే రోడ్డు చూసుకోవాలి. రోడ్డును బట్టి ఎత్తు, ఎత్తును బట్టి స్ప్రింగు, స్ప్రింగును బట్టి షాకప్ (షాక్ అబ్జార్బర్). ఇవన్నీ ఒక చోట కుదురుకున్నాకే అలైన్‌మెంట్. ఈ వరస తప్పితే ఎంత మంచి మిషను మీద పెట్టించినా కారు దారికి రాదు.

ఇక్కడ చెప్పేవన్నీ పోలో జీటీ టీఎస్ఐ, ఐ20 ఎన్ లైన్, స్విఫ్ట్ లాంటి ముందు చక్రాలతో నడిచే హ్యాచ్‌బ్యాక్‌లను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. వీటికి ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్లు (స్ప్రింగు, షాకప్ ఒకటిగా కలిసి ఉండేవి), వెనక టోర్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనూ కలిపే అడ్డ దూలం) ఉంటాయి. ఆక్టేవియా వీఆర్ఎస్ లాంటి కారుకు వెనక మల్టీలింక్ (ఒక్కో చక్రానికి విడివిడిగా కొన్ని కడ్డీలు) ఉంటుంది కాబట్టి వెనక చక్రాల కోణాలను కూడా సర్దుకునే వీలుంటుంది. మిగతా కథంతా దానికీ ఇదే.

ముందు మీ రోడ్డు

చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా 65వ నంబరు హైవే మీదే తిరిగే కారుకూ, రోజూ నల్లగొండ నుంచి మిర్యాలగూడ పోయొచ్చే కారుకూ ఒకే స్ప్రింగు పనికిరాదు. హైవే మీద సమస్య తక్కువ. అక్కడ ఇబ్బంది పెట్టేది సర్వీసు రోడ్డులోకి దిగే చోట ఉండే గడపలాంటి అంచు, అంతే. మిర్యాలగూడ వైపు అలా కాదు. రైసుమిల్లులకు వడ్ల లోడుతో పోయే లారీలు ఎడమ పక్కన తారును నొక్కి రెండు కాలువలు చేసి పెడతాయి. వెడల్పు టైరు, గట్టి స్ప్రింగు ఉన్న కారు ఆ కాలువల వెంట తనంతట తానే పోతుంది, స్టీరింగు చేతిలో కదులుతుంటుంది. దాన్ని అలైన్‌మెంట్ తప్పు అనుకుని షాపుల చుట్టూ తిరిగేవాళ్లున్నారు. తిరిగినా ఫలితం ఉండదు, అది రోడ్డు తప్పు.

నాట్ల కాలంలో కేజ్‌వీల్స్ వేసుకున్న ట్రాక్టర్లు రోడ్డెక్కితే తారు మీద వరసగా గాట్లు పడతాయి. కోతలయ్యాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. ఎదురుగా బస్సొస్తే మీ ఎడమ చక్రం రోడ్డు దిగక తప్పదు, తారు అంచు పక్కన నాలుగు వేళ్ల లోతు ఉంటుంది. ఊళ్లలో రంగు వేయని స్పీడ్‌బ్రేకర్ల సంగతి మీకు చెప్పేదేముంది. పాలమూరు వైపు 44వ నంబరు హైవే మీద జడ్చర్ల, కొత్తకోట మీదుగా కర్నూలు దాకా కారు బాగానే పరుగెడుతుంది కానీ, హైవే దిగి మండల కేంద్రంలోకి మళ్లగానే కథ మారుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఇలాంటి హ్యాచ్‌బ్యాక్‌ల గ్రౌండ్ క్లియరెన్స్ 165–170 మి.మీ. దగ్గర ఉంటుంది. నలుగురు పెద్దవాళ్లు, డిక్కీలో సామాను కలిపి 300 కిలోలు ఎక్కితే మామూలు స్ప్రింగుల మీద కారు మరో 30 మి.మీ. పైనే కుంగుతుంది. మీరు ముందే 40 మి.మీ. దించి ఉంటే అడుగున మిగిలేది వంద దగ్గరే. పెళ్లికి కుటుంబంతో బయలుదేరితే మొదటి స్పీడ్‌బ్రేకర్ మీదే ఆయిల్ ప్యాన్ కిందిభాగం చప్పుడు వినిపిస్తుంది. నన్నడిగితే ఈ జిల్లాల్లో రోజూ వాడే కారును 25 మి.మీ.కు మించి దించొద్దు. చక్రానికీ బాడీకీ మధ్య ఖాళీ ఇంకా కనిపిస్తోందని ఫొటోలు చూసి బాధపడేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. స్ప్రింగులు మార్చాలనుకుంటే ముందు ఆర్టీఏ ఆఫీసులోనూ, మీ ఇన్సూరెన్స్ కంపెనీలోనూ అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. కాదన్నారా, అసలు స్ప్రింగులే ఉంచి, అరిగిన షాకప్‌లు కొత్తవి వేసి, అలైన్‌మెంట్ శ్రద్ధగా చేయించండి. సగం కార్లకు నిజంగా కావాల్సింది అదే.

స్ప్రింగు ఎంత గట్టిది కావాలి?

దుకాణదారు చెప్పే "స్పోర్టీ", "కంఫర్ట్" మాటలు వదిలేసి ఒక్క అంకె అడగండి: స్ప్రింగ్ రేటు. అంటే స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎన్ని న్యూటన్ల బలం కావాలన్నది. ఆ అంకె చెప్పలేని కంపెనీ స్ప్రింగు కొనకపోవడమే మేలు.

ఆ అంకెతో ఏం చేయాలంటే, సుమారు 1,100 కిలోల కారులో ఒక్కో ముందు చక్రం మీద, చక్రం బ్రేకుల బరువు తీసేస్తే, 305 కిలోల దాకా పడుతుందనుకుందాం. స్ప్రింగ్ రేటు 25 అయితే, స్ట్రట్ కాస్త వాలుగా ఉంటుంది కాబట్టి చక్రం దగ్గరికొచ్చేసరికి అది 22.5 దాకా అవుతుంది. ఈ లెక్కన కారు ముందుభాగం సెకనుకు 1.37 సార్లు ఊగుతుంది. స్ప్రింగ్ రేటు 32 అయితే ఆ ఊగుడు 1.55. ట్రాక్ కోసం అమ్మే కాయిలోవర్లలో (ఎత్తు సర్దుకునే వీలున్న స్ప్రింగు, షాకప్ సెట్లలో) 60 ఉన్నవి దొరుకుతాయి, వాటితో 2.1 దాటుతుంది. సాధారణ కార్లు 1 నుంచి 1.5 మధ్య ఉంటాయి. 1.5 నుంచి 1.8 దాకా రోడ్డు మీద చురుగ్గా ఉంటుంది, నడుము కూడా భరిస్తుంది. 2 దాటితే అది నున్నటి ట్రాక్ కోసం చేసిన కారు. లోడు లేని లారీ గట్టి కమాన్ కట్టల మీద ఎగిరెగిరి పోవడం చూసే ఉంటారు, మన రోడ్ల మీద అలాంటి కారు పరిస్థితీ అదే. చక్రం గాలిలో ఉన్నంతసేపు దానికి పట్టు లేదు, బ్రేకూ లేదు. గట్టి స్ప్రింగు వేస్తే గ్రిప్ పెరుగుతుందన్న నమ్మకం గతుకుల రోడ్డు మీద తలకిందులవుతుంది.

లీనియర్ స్ప్రింగు ఎంత నొక్కినా ఒకే రేటు చూపిస్తుంది. ప్రోగ్రెసివ్ స్ప్రింగుకు కొన్ని చుట్లు దగ్గరగా, కొన్ని దూరంగా ఉంటాయి. మొదట మెత్తగా ఉండి నొక్కేకొద్దీ గట్టిపడుతుంది. రోజువారీ వాడకానికి, ఇంటిల్లిపాదీ ఎక్కే కారుకు ప్రోగ్రెసివ్ మంచిది. ట్రాక్ మీద కారు ఎప్పుడెలా కదులుతుందో ముందే తెలియాలంటే లీనియర్.

స్ప్రింగు కోయించడం గురించి మాత్రం ఆలోచించొద్దు. ఒక చుట్టు కోస్తే మిగిలిన చుట్లు తక్కువై స్ప్రింగు గట్టిపడుతుంది, కానీ దాని కింది కొస స్ట్రట్ మీదున్న గిన్నెలో సరిగ్గా కూర్చోదు. గుంతలో చక్రం జారినప్పుడు స్ప్రింగు చోటు తప్పొచ్చు. గ్యాస్ మంటతో వేడిచేసి కుంగదీసేవాళ్లు ఇంకా ఘోరం, ఆ ఉక్కుకు పెట్టిన టెంపర్ పోయాక అది స్ప్రింగే కాదు.

షాకప్ మర్చిపోకండి

స్ప్రింగు పైకీ కిందికీ ఊగుతుంది, ఆ ఊగుడును ఆపేది షాకప్. స్ప్రింగు రేటు పావువంతు పెంచితే మంచి స్థితిలో ఉన్న పాత షాకప్ ఎలాగో నెట్టుకొస్తుంది. రేటు రెట్టింపు చేసి షాకప్ అదే ఉంచితే, దాని అదుపు దాదాపు 30 శాతం తగ్గినట్టే. స్పీడ్‌బ్రేకర్ దిగాక కారు ఒక్కసారి పైకి లేచి నిలబడాలి. రెండు మూడు సార్లు ఊగిందంటే షాకప్ చాలడం లేదు. యాభై, అరవై వేల కిలోమీటర్లు తిరిగిన షాకప్ మీద కొత్త స్ప్రింగు వేయడం డబ్బు దండగ. కారు దించినప్పుడు షాకప్‌లోని రాడ్డు అప్పటికే కిందికి దిగి ఉంటుంది కాబట్టి బంప్ స్టాప్ (చివర్లో దెబ్బ కాసే రబ్బరు దిమ్మ) తొందరగా తగులుతుంది. స్ప్రింగు కంపెనీ పొట్టి బంప్ స్టాప్ ఇచ్చిందేమో చూడండి. ఇవ్వకపోతే ఎంత కోయాలో వాళ్ల కాగితంలో ఉంటుంది, ఊహించి కోయొద్దు.

బిగించే రోజు

పని మొదలుపెట్టే ముందే నాలుగు అంకెలు రాసి పెట్టుకోండి. కారు సమతలంగా ఉన్న చోట ఆపి, ప్రతి చక్రం హబ్ (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా ఎంత ఉందో టేపుతో కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి, అరుగుదల లెక్కలో కలుస్తాయి, హబ్ నుంచి కొలిస్తే ఆ గొడవ ఉండదు. వీలైతే పాత సెట్టింగుల అలైన్‌మెంట్ ప్రింటు కూడా ఒకటి తీయించండి. తర్వాత ఏం మారిందో తెలియాలంటే ముందేముందో తెలియాలి కదా.

స్ట్రట్ విప్పేటప్పుడు ప్రాణాల మీదికి తెచ్చేది పైనున్న నట్టు. స్ప్రింగు కంప్రెసర్‌తో నొక్కి, స్ప్రింగు గిన్నెలో వదులుగా ఆడుతోందని చేత్తో తిప్పి చూసుకున్నాకే ఆ నట్టు ముట్టుకోవాలి. రెండు హుక్కుల చవక కంప్రెసర్‌తో ఇంట్లో ఈ పని చేయొద్దు. గోడకు బిగించిన కంప్రెసర్ ఉన్న గ్యారేజీ నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో వెతికితే దొరుకుతుంది. స్ట్రట్లు విప్పి తీసుకెళ్లి అక్కడ మార్పించి తెచ్చుకున్నా సరే. బ్రేకు పైపును, ఏబీఎస్ వైరును స్ట్రట్ నుంచి ముందే విడదీయండి, హబ్ బరువు వాటి మీద వేలాడకూడదు.

పైనున్న బేరింగు, రబ్బరు మౌంటు ఎలాగూ చేతికొచ్చాయి కాబట్టి తిప్పి చూడండి. గరగరమంటే అప్పుడే మార్చేయండి. కొత్త స్ప్రింగు కింది కొస గిన్నెలో ఉన్న మెట్టుకు ఆనాలి. వెనక టోర్షన్ బీమ్‌లో స్ప్రింగు విడిగా, షాకప్ విడిగా ఉంటాయి కాబట్టి అక్కడ పని సులువు. రబ్బరు ప్యాడ్లు పైనా కిందా సరిగ్గా కూర్చున్నాయో లేదో చూస్తే చాలు. సాగదీసి బిగించే రకం బోల్టులు ఒకసారి విప్పాక మళ్లీ వాడకూడదు, సర్వీస్ మాన్యువల్‌లో ఏవేవో రాసి ఉంటుంది, కొత్తవి ముందే తెప్పించుకోండి.

ఇప్పుడు మెకానిక్కులు ఎక్కువగా వదిలేసే పని ఒకటుంది. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టి ఉంచే కడ్డీ) బుష్‌ల (రబ్బరు కీళ్ల) బోల్టులు, వెనక బీమ్ బుష్‌ల బోల్టులు వదులు చేసి ఉంటే, కారు జాకీ మీద ఉండగా వాటిని పూర్తిగా బిగించొద్దు. బుష్‌లోని రబ్బరు లోపలి గొట్టానికి అతికి ఉంటుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, కారు కిందికి దిగగానే ఆ రబ్బరు మెలి తిరిగి అలాగే ఉండిపోతుంది. అది స్ప్రింగుకు అదనంగా ఇంకో స్ప్రింగులా కారును పైకి తోస్తుంది, ఎత్తు కొలత తప్పుగా వస్తుంది, కొన్నాళ్లకు రబ్బరు చిరుగుతుంది. బోల్టు చేతి బిగువు దాకా పెట్టి, కారును నాలుగు చక్రాల మీద నిలబెట్టి, ముందు వెనకలు రెండు మూడు సార్లు ఊపి, అప్పుడు టార్క్ రెంచ్‌తో బిగించాలి. లిఫ్టు లేకపోతే లారీ మెకానిక్కుల దగ్గర గుంత ఉంటుంది, కారు దాని మీదికి ఎక్కించండి. ఆ పది నిమిషాల పనికి "అవసరం లేదు సార్" అనే మెకానిక్ దగ్గర మాత్రం మొహమాటపడకండి.

కారు దించాక పాత నాలుగు కొలతలతో కొత్తవి పోల్చండి. ముందు ఎడమ కుడుల మధ్య 5 మి.మీ.కు మించి తేడా ఉంటే స్ప్రింగు సరిగ్గా కూర్చోలేదేమో చూడండి. తర్వాత చేత్తో చూసుకుని టో (చక్రాల ముందు అంచులు ఎటు తిరిగి ఉన్నాయన్నది, కింద వివరంగా చెబుతాను) ఉజ్జాయింపుగా సరిచేసి, 300 నుంచి 500 కి.మీ. తిప్పండి. స్ప్రింగులు, రబ్బర్లు కుదురుకుంటాయి. అసలు అలైన్‌మెంట్ ఆ తర్వాతే.

మూడు కోణాలు

క్యాంబర్ అంటే ముందు నుంచి చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం. లోపలికి వాలితే నెగటివ్. మలుపులో కారు ఒరిగినప్పుడు బయటి చక్రం తారు మీద చదునుగా ఆనడానికి ఈ కాస్త వాలు కావాలి. మెక్‌ఫర్సన్ కారును దించితే నెగటివ్ క్యాంబర్ దానంతటదే కొంత పెరుగుతుంది. అయితే లోయర్ ఆర్మ్ సమాంతరం దాటి బయటి కొస పైకి లేచేంత దించితే, మలుపులో క్యాంబర్ పెరగాల్సింది పోయి తగ్గడం మొదలవుతుంది, కారు ఒరిగే తీరు కూడా పాడవుతుంది. మరీ దించొద్దనడానికి ఇది రెండో కారణం.

క్యాస్టర్ స్టీరింగు ఇరుసు వెనక్కి వాలడం. స్టీరింగు తనంతట తాను మధ్యకు రావడం దీని పుణ్యమే. మన కార్లలో దీన్ని మార్చే ఏర్పాటు ఉండదు. ఎడమ కుడుల మధ్య తేడా అర డిగ్రీ లోపు ఉందో లేదో చూసుకోండి. ఎక్కువుంటే గుంతలో తగిలి లోయర్ ఆర్మ్ గానీ సబ్‌ఫ్రేమ్ (అది బిగించి ఉండే చట్రం) గానీ కదిలిందన్నమాట.

టో మాత్రం అసలు సంగతి. పై నుంచి చూస్తే రెండు చక్రాల ముందు అంచులు దగ్గరగా ఉంటే టో ఇన్, దూరంగా ఉంటే టో అవుట్. టైర్లను తినేది క్యాంబర్ అని అందరూ దాన్నే తిడతారు కానీ, ఎక్కువసార్లు దోషి టో. ఒక్క చక్రం దారి నుంచి 0.1 డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే, కిలోమీటరుకు సుమారు 1.75 మీటర్లు పక్కకు రాసుకుంటూ పోతుంది. నల్లగొండ నుంచి హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. అంటే ఒక్కసారి పోయేసరికి ఆ టైరును తారు మీద 175 మీటర్లు అడ్డంగా ఈడ్చినంత పని. కారు ఎత్తు మారితే టై రాడ్ (స్టీరింగు నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) కోణం మారి టో ఖాయంగా కదులుతుంది. అందుకే స్ప్రింగులు మార్చాక ఆ 500 కి.మీ. దాటి అలైన్‌మెంట్ వాయిదా వేయకూడదు.

షాపులో

పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కొట్టించి వెళ్లండి. ఎండాకాలం ఇది మరీ ముఖ్యం. ప్రతి 5–6 డిగ్రీల వేడికి దాదాపు 1 పీఎస్ఐ పెరుగుతుంది. మధ్యాహ్నం రెండింటికి కొలిచి గాలి తీస్తే, తెల్లారేసరికి టైర్లలో గాలి తక్కువై ఉంటుంది. ట్యాంకు సగం నింపి, డిక్కీలో రోజూ ఉండే సామాను ఉంచండి. మీరొక్కరే ఎక్కువగా నడుపుతారనుకుంటే డ్రైవర్ సీట్లో మీ బరువుకు సరిపడా ఇసుక బస్తా పెట్టించండి. నవ్వేవాళ్లు నవ్వనీ.

మొదట టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, వీల్ బేరింగులు చక్రం పట్టుకుని ఊపి చూడమనండి. వదులున్న కారుకు అలైన్‌మెంట్ చేయడం వ్యర్థం. నాలుగు చక్రాలకూ సెన్సార్లు పెట్టే షాపుకే వెళ్లండి. ముందు రెంటికే చేస్తే వెనక ఇరుసు ఎటు తోస్తోందో తెలియదు. వెనక బీమ్ కొంచెం వంకరగా ఉంటే కారు ఆ దిశకు పోతుంది, స్టీరింగు వంకరగా పట్టుకుని నడపాల్సి వస్తుంది. ముందు చక్రాలను వెనక ఇరుసు తోసే దిశకు సరిపెట్టాలి.

షాపుల్లో వినిపించే మాట "గ్రీన్ వచ్చింది అన్నా, ఓకే." గ్రీన్ అంటే కంపెనీ ఇచ్చిన పరిధిలో ఎక్కడో ఒకచోట ఉందని మాత్రమే. ఆ పరిధి ఒక కొసన ఎడమ చక్రం, ఇంకో కొసన కుడి చక్రం ఉన్నా స్క్రీన్ పచ్చగానే ఉంటుంది, కారు మాత్రం లాగుతుంది. పైగా అది కంపెనీ ఎత్తుకు ఇచ్చిన పరిధి, దించిన కారుకు కాదు. "తమ్మీ, రంగు కాదు, నంబర్లు చెప్పు, సెట్ చేయకముందువి, చేసినంకవి ప్రింటు ఇయ్యి" అని అడగండి. అడిగితే చేసేవాళ్లే ఎక్కువ, అడిగేవాళ్లే తక్కువ.

వరస కూడా చెప్పండి. మొదట వెనక చక్రాలది చూడాలి, తర్వాత క్యాస్టర్, క్యాంబర్, చివర్లో టో. క్యాంబర్ కదిలిస్తే టో మారుతుంది కాబట్టి టో ముందు పెట్టి లాభం లేదు. టో పెట్టేటప్పుడు స్టీరింగు నిటారుగా లాక్ చేసి ఉండాలి. టై రాడ్ పావు చుట్టు తిప్పితే ఒక చక్రం సుమారు 8–10 నిమిషాలు కదులుతుంది. ఈ నిమిషాలు గడియారానివి కావు, ఒక డిగ్రీలో 60 ఉంటాయి. రెండు వైపులా సమానంగా తిప్పాలి, లాక్ నట్ బిగించాక రీడింగు మళ్లీ చూడాలి. బిగించేటప్పుడు అది కాస్త కదలడం మామూలే.

ఏ నంబర్లు పెట్టించాలి?

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో రోజూ తిరుగుతూ, అప్పుడప్పుడూ హుషారుగా నడిపే కారుకు: ముందు క్యాంబర్ మైనస్ 0.8 నుంచి మైనస్ 1.2 డిగ్రీలు, ఎడమ కుడుల తేడా 0.3 లోపు. ముందు టో సున్నా నుంచి మొత్తం 1 మి.మీ. ఇన్. టోర్షన్ బీమ్ వెనక సెట్టింగు కంపెనీది ఎలా ఉంటే అలాగే, రెండు వైపులా సమానంగా ఉంటే చాలు. మల్టీలింక్ కారుకైతే వెనక టో కాస్త ఇన్ ఉంచండి, హైవే మీద వేగంలో లేన్ మారేటప్పుడు వెనకభాగం నిలకడగా ఉంటుంది.

ట్రాక్ మీదికి తీసుకెళ్తే లెక్క వేరు. మనకు దగ్గర్లో చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టై ట్రాక్, కోయంబత్తూరులో కారి మోటార్ స్పీడ్‌వే ఉన్నాయి. అక్కడ ముందు క్యాంబర్ మైనస్ 2 నుంచి మైనస్ 3, టో సున్నా లేదా 1–2 మి.మీ. అవుట్ పెడితే కారు మలుపులోకి చురుగ్గా తిరుగుతుంది. అదే సెట్టింగుతో తిరిగొచ్చి నల్లగొండలో తిప్పితే టైర్లు నాలుగైదు వేల కిలోమీటర్లకే గుండు. వెళ్లేముందు టై రాడ్ల మీద పెయింటు గుర్తు పెట్టుకుంటే వచ్చాక వెనక్కి తిప్పుకోవడం సులువు, ఆ తర్వాత మిషను మీద ఒకసారి చూపిస్తే చాలు.

క్యాంబర్ చాలకపోతే? స్ట్రట్, హబ్ మధ్య రెండు బోల్టులు ఉండే స్విఫ్ట్, ఐ20 లాంటి కార్లకు క్యాంబర్ బోల్టులు చవకగా దొరుకుతాయి. పైన వేసే క్యాంబర్ ప్లేట్లు ఇంకా మంచివి కానీ వాటిలోని ఇనుప గోళీ జాయింట్లు మన దుమ్ములో, వానాకాలం బురదలో తొందరగా టకటకమంటాయి. రోజువారీ కారుకు నేను సిఫారసు చేయను.

ఇంట్లో సరిచూసుకోవడం

ప్రింటును గుడ్డిగా నమ్మనక్కర్లేదు. తాపీమేస్త్రీ దగ్గరుండే దారం, రసమట్టం, స్టీలు స్కేలు ఉంటే చాలు. ముందు చక్రాల కింద రెండేసి నున్నటి టైల్స్ పెట్టి మధ్యలో గ్రీజు పూయండి, చక్రం స్వేచ్ఛగా కదులుతుంది. అదే మందం గల టైల్స్ వెనక చక్రాల కింద కూడా పెట్టండి. లేకపోతే కారు ముందు ఎత్తవుతుంది. కారుకు రెండు పక్కలా హబ్ ఎత్తులో దారం బిగించండి. ముందు హబ్‌ల నుంచి దారం దూరం ఎడమా కుడీ సమానం, వెనక హబ్‌ల నుంచి కూడా ఎడమా కుడీ సమానం అయ్యేట్టు సర్దాలి. ముందు దూరం, వెనక దూరం ఒకటి కానక్కర్లేదు, ఇరుసుల వెడల్పులు వేరు కదా.

ఇప్పుడు దారం నుంచి రిమ్ ముందు అంచుకూ, వెనక అంచుకూ దూరం కొలవండి. ముందు అంచు ఎక్కువ దూరంలో ఉంటే టో ఇన్. 16 అంగుళాల రిమ్ ఈ అంచు నుంచి ఆ అంచుకు దాదాపు 440 మి.మీ. ఉంటుంది కాబట్టి 1 మి.మీ. తేడా అంటే సుమారు 8 నిమిషాలు. క్యాంబర్‌కు రసమట్టం నిటారుగా పట్టుకుని రిమ్ పై అంచు, కింది అంచు మధ్య తేడా చూడండి. దాదాపు 7.7 మి.మీ. ఒక డిగ్రీ. నేల వాలుగా ఉంటే క్యాంబర్ తప్పొస్తుంది, ముందు నేలను మట్టంతో చూసి తక్కువున్న చక్రం కింద ఇంకో పలుచటి బండ వేయండి.

నడిపి చూడడం

తెల్లవారుజామున ఖాళీగా, నున్నగా ఉన్న రోడ్డు చూసుకోండి. మన రోడ్లు వాన నీరు జారడానికి ఎడమకు వాలి ఉంటాయి, కాబట్టి కారు మెల్లగా ఎడమకు పోవడం తప్పు కాదు. గట్టిగా లాగితేనే అనుమానించాలి. కారు క్యాంబర్ ఎక్కువ పాజిటివ్ ఉన్న వైపుకు, క్యాస్టర్ తక్కువ ఉన్న వైపుకు లాగుతుంది. ప్రింటు చూస్తే ఏదో తెలుస్తుంది. రెండూ సమానంగా ఉన్నా లాగుతుంటే ముందు టైర్లు ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి చూడండి, ఒకే దిశలో తిరగాల్సిన టైర్లు కాకపోతేనే. లాగే దిశ మారిందంటే దోషం టైరులో ఉంది, అలైన్‌మెంట్ జోలికి పోవద్దు.

మన్ననూరు దాటాక దోమలపెంట దాకా ఉండే శ్రీశైలం ఘాట్ మలుపుల మీద సస్పెన్షన్ పరీక్షిద్దామని అనిపించడం సహజమే. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం మధ్యలోంచి పోయే రోడ్డు, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసే ఉంటుంది, పగలు యాత్రికుల బస్సులు, కోతులు. మలుపులో స్టీరింగు బరువు మారుతోందా, మలుపు మధ్యలో గతుకొస్తే కారు దారి తప్పుతోందా అన్నది మామూలు వేగంలోనే తెలిసిపోతుంది. అంతకు మించిన పరీక్ష ట్రాక్ మీదే.

హెడ్‌లైట్లు కూడా చూసుకోండి. ముందు, వెనక ఒకేలా దిగకపోతే వెలుగు ఎదుటివాడి కళ్లలో పడుతుంది, లేదంటే మీ బంపర్ ముందే ఆగిపోతుంది.

ఆ తర్వాత

వెయ్యి కిలోమీటర్లయ్యాక చక్రాల మీద అరచేయి పెట్టి అడ్డంగా నిమరండి. లోపలి నుంచి బయటికి నిమిరితే గీరుకుంటూ, బయటి నుంచి లోపలికి నిమిరితే నున్నగా ఉంటే టో ఇన్ ఎక్కువైంది. దీనికి తారుమారుగా ఉంటే టో అవుట్. రెండు వైపులా నిమిరినా నున్నగానే ఉండి, లోపలి అంచు మాత్రమే ఎక్కువ అరిగితే క్యాంబర్ పని. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే తక్కువ. అక్కడక్కడా గుంటలుగా, మెట్లు మెట్లుగా అరిగితే షాకప్ అయిపోయింది లేదా వీల్ బ్యాలెన్సింగ్ లేదు.

ప్రతి 5,000 కి.మీ.కు ఒకసారి, అలాగే గట్టి గుంతలో పడ్డప్పుడల్లా, ప్రింటు తీయించి పాతదాని పక్కన పెట్టి చూడండి. ఒక్క చక్రం నంబరే మారితే ఏదో వంగినట్టు, షాపువాడు టై రాడ్ తిప్పి పచ్చగా చేయకముందే లోయర్ ఆర్మ్, స్ట్రట్ విప్పించి చూడాలి. రెండు ముందు చక్రాలూ ఒకేలా మారితే స్ప్రింగులు కుంగాయేమో, హబ్ నుంచి మడ్‌గార్డు దాకా టేపు పెట్టి మళ్లీ కొలవండి.